సన్యాసిరాజు అభిప్రాయాల నోటుబుక్కు

సన్యాసిరాజుకి అన్నం లేకపోయినా ఓ పూట గడుస్తుంది గానీ, అవతలివాడి అభిప్రాయం లేకపోతే గడవదు.

ఉద్యోగం విశాఖపట్నం పోర్టులో. ఓడలోంచి దిగే పెట్టెలు లెక్క రాసుకునే గుమాస్తా. చంకలో మాత్రం సొంత నోటుబుక్కు ఒకటుండేది. క్యాంటీన్లో ఉప్మా తిన్నవాణ్ణి ఆపి, "ఉప్మా మీద నీ అభిప్రాయం ఏటి?" అనేవాడు. పెళ్ళికెళితే తాళి కట్టి లేచిన పెళ్ళికొడుకుని అడిగేవాడు. ఓసారి సింహాచలం మెట్లెక్కుతూ ఆయాసపడుతున్న పెద్దాయన్ని మెట్ల మీద అభిప్రాయం అడిగాడు. ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకునే మాట కాదు.

పక్క కుర్చీ గురునాథరావుది. పదకొండేళ్ళుగా ఆయన ఈ బాధ పడుతున్నాడు. ఆయన స్వభావమే వేరు. పరవాడ మనిషి, మహా నిఖార్సు. ఎదుటివాడి తప్పు కనిపిస్తే ఆయనకి ఆ రోజు అజీర్తి చేయదు. అభిప్రాయం అడిగితే మాత్రం, "నాకేం లేవు, నీ పని నువ్వు చూసుకో" అనేవాడు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో సన్యాసిరాజు పిచ్చికి కొత్త కొమ్మ మొలిచింది. అభిప్రాయం చెప్పేవాళ్ళు ముందు పేరు చెప్పాలట, ఊరు చెప్పాలట, ఆపైన సన్యాసిరాజు ఇంటి అరుగుకి తామేమవుతారో చెప్పాలట. అదీ ఆ అరుగు మీద కూర్చునే చెప్పాలి.

"అరుగుకి నేనేం అవుతానయ్యా?" అన్నాడు గురునాథరావు.

"అదే సెప్పాలి బావా."

"నీకు మతి పోయింది."

మతి పోయిన మాట నిజమే గానీ, పోయింది సన్యాసిరాజుకి కాదు, ఆ అరుగుని పంచుకున్న పక్కవాటా సూరన్నకి. సూరన్నది సముద్రం మీద బతికిన కుటుంబం. ముప్పై ఏళ్ళు పోర్టులో లాంచీ నడిపాడు. రిటైరవడానికి నెల్లాళ్ళ ముందు లాంచీ మీద కాలు జారి, తల ఇనపకడ్డీకి కొట్టుకుంది. దెబ్బ మానింది గానీ మొహాలు చెరిగిపోయాయి. తెల్లారేసరికి తెలిసినవాళ్ళంతా కొత్తవాళ్ళయిపోయేవారు.

"మనుసుల్ని సూసి సిగ్గుపడిపోతన్నాడు బాబూ," అని భార్య గంగాలమ్మ చేపలగంప దించుతూ సన్యాసిరాజు దగ్గర వాపోయింది. "ఎవులొచ్చినా 'నన్ను గుర్తుపట్టినావా' అనడుగుతారు. ఈయన తెల్లమొగవేసి లోపలికెల్లి తలుపేసుకుంతన్నాడు. ఇలాగయితే ఇంక ఆ గదిలోంచి రాడు."

ఈ సంగతి పోర్టులో అందరికీ తెలుసు. గురునాథరావుకీ తెలుసు. చూడ్డానికి వెళ్ళాలని అనుకుంటూనే, వెళ్ళి ఏం మాట్లాడాలో తోచక రెండు నెలలు గడిపేశాడు.

ఆ రోజుల్లోనే ఇనప ఖనిజం కోసం వచ్చిన జపాను ఓడలో వంటవాడొకడు సన్యాసిరాజుకి పల్చటి బొమ్మల పుస్తకం ఇచ్చాడు. అక్షరాలు ఎవరికీ రావు, బొమ్మలు మాత్రం అందరికీ వచ్చు. ఎప్పుడో ముందుకాలం కథ. కార్లు గాల్లో ఎగురుతుంటాయి. మొదటి బొమ్మలో ఒకడు నెత్తిన ఇనపటోపీతో ఖాళీ గదిలో కూర్చుని ఉంటాడు. గోడ మీద ఫొటోల్లో మొహాలన్నీ తెల్లగా ఉంటాయి. ఒక ఆడమనిషి తలుపు కొట్టి, గుండెల మీద చెయ్యి వేసుకుని ఏదో చెబుతుంది. పేజీ తిప్పితే ఒక ఫొటోలో మొహం వచ్చేస్తుంది. ఇంకెవరో తలుపు కొడతారు, ఇంకో మొహం వస్తుంది. ఆఖరికి టోపీ లేదు, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంటారు.

ఇక సన్యాసిరాజుకి పట్టపగ్గాల్లేవు. సాయంత్రం అయిదయ్యేసరికి వీధివీధంతా ఆ అరుగు మీదే.

"నా పేరు కాశమ్మ. మాది భీమిలి. ఈ అరుగు మీద ఇడ్లీలమ్ముకునీదాన్ని," అని ఇడ్లీల కాశమ్మ మొదలెట్టింది. "ఎండల్లో ఇనపగిన్ని నెత్తినెట్టుకుంటే ఎవుడికైనా మతిపోద్ది. ఇందులో కతేటుంది?"

లెక్కల మాస్టారు రమణమూర్తి పేరూ ఊరూ చెప్పి, కార్లు గాల్లో ఎగరడం బాగానే ఉంది గానీ వాటికి హారన్లు ఎందుకో రచయిత వివరించలేదన్నాడు.

ఎదురింటి పోతమ్మ అభిప్రాయం వేరు. "ఆడి పెళ్ళాం ఓపికమంతురాలు. రోజూ తలుపు కొట్టి పేరు సెప్తంది. మా ఇంటాయనకి మతి సుబ్బరంగా ఉంది, అయినా నన్ను పేరెట్టి పిలిసి పదేళ్ళయింది."

సన్యాసిరాజు అన్నీ రాసుకున్నాడు. గురునాథరావు అభిప్రాయం ఒక్కటే మిగిలిపోయింది. శనివారంనాడు ఆఫీసులో పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "రేపు అరుగు మీద" అన్నాడు.

తప్పులు పట్టే మనిషి చేతికి పుస్తకం చిక్కితే ఊరుకుంటాడా? గురునాథరావు అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. ప్రతి పేజీ కిందా మూల చిన్న కాగితం ముక్క జిగురుతో అంటించి ఉంది. పోర్టు లెక్కల కాగితమే, సందేహం లేదు. ఒకటి గోటితో పీకాడు. కింద అంకె ఉంది, ముప్పై రెండు. అది మొదటి పేజీ. గబగబా ఆఖరి పేజీకి పోయి పీకాడు. అక్కడ ఒకటి.

అంటే వీధివీధంతా పుస్తకాన్ని తిరగేసి చదివారన్నమాట. జపానువాళ్ళు అటునుంచి చదువుతారు. అసలు కథలో వాడు అందరితో కలిసి భోంచేస్తూ మొదలై, ఒక్కో మొహమే మరిచిపోయి, చివరికి ఖాళీ గదిలో మిగులుతాడు. సన్యాసిరాజు అది తెలిసే అంకెలు మూసేశాడు. ఇంత పెద్ద తప్పు గురునాథరావు సర్వీసులో దొరకలేదు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం సాయంత్రం పుస్తకం ఊపుకుంటూ అరుగెక్కాడు. జనం బాగానే ఉన్నారు. గోడకి చేరబడి లుంగీ, తెల్లబనీనుతో సూరన్న కూర్చుని ఉన్నాడు. ఆయన బయటికి వస్తున్నాడని గురునాథరావుకి తెలియదు.

"నా అభిప్రాయం వింటే మీరంతా..." అని గురునాథరావు మొదలెట్టాడు.

"ముందు పేరు సెప్పు బావా," అన్నాడు సన్యాసిరాజు.

"పదకొండేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నాను. నా పేరు నీకు తెలీదా?"

"రూలు రూలే. పేరు, ఊరు, వరస."

గురునాథరావుకి ఒళ్ళు మండింది. ఏదో అనబోతూ సూరన్న వైపు చూశాడు. సూరన్న ముందుకి వంగి తన మొహాన్నే వెతుకుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి గానీ పేరు దొరకడం లేదు. ఒక చెయ్యి అప్పుడే నేల మీద ఆనించాడు, లేచి లోపలికి పోవడానికి. వెనక గుమ్మంలో గంగాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అప్పటికి గాని గురునాథరావు బుర్రకెక్కలేదు, ఆ రూలూ, ఆ అతికించిన కాగితాలూ ఎవరి కోసమో. అందరూ పేరు చెప్పే చోట ఎవర్నీ గుర్తుపట్టక్కర్లేదు. సిగ్గుపడనూ అక్కర్లేదు. రెండు నెలలు రానందుకు ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా పేరు గురునాథరావు. మాది పరవాడ. ఈ అరుగుకి ఏమవుతానంటే..." అని ఆగాడు. ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని ముక్క అది. "సూరన్న లాంచీ ఎక్కబోయి, ఫైళ్ళతో సహా నీళ్ళలో పడ్డ గుమాస్తాని. సూరన్నే జుట్టు పట్టుకుని పైకి లాగాడు."

అరుగంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సూరన్న చెయ్యి నేల మీంచి లేచింది.

"జుట్టు పట్టుకునీ లాగినానా?" అన్నాడు. గురునాథరావు బట్టతల వైపు చూసి, "అయితే ఆ జుట్టు నానే పీకీసినట్టున్నాను," అన్నాడు.

నవ్వులు తగ్గాక సన్యాసిరాజు పెన్సిలు పట్టుకున్నాడు. "పుస్తకం మీద అభిప్రాయం?"

గురునాథరావు పుస్తకం వైపు చూశాడు, ఊడిన కాగితం ముక్కని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. "తప్పేమీ కనబడలేదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

"తప్పు లేకపోడమేటి?" అన్నాడు సూరన్న. "జపానోడి పుస్తకం ఆ పక్కనించి సదవాల. ముప్పై ఏళ్ళు ఆళ్ళ ఓడల సుట్టూ తిరిగినోణ్ణి, నాకు తెల్దేటి? నాను మర్సిపోయింది మనుసుల్ని. పుస్తకాల్ని కాదు."

సన్యాసిరాజు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "తెలిసీ ఊరుకున్నావేటి బావా?"

"కస్టపడి జిగురెట్టి అతికించుకున్నావు, నీ మనసెందుకు నొప్పించాల? అయినా ఎటునించి సదివితే ఏటి? ఆడు మర్సిపోయినా సరే, గుర్తొచ్చినా సరే, తలుపు కొట్టీవోళ్ళు కొడతానే ఉన్నారు గదా. అదీ కత. నా అభిప్రాయం రాసుకో," అని సూరన్న నోటుబుక్కు వైపు వేలు చూపించాడు. "అన్నట్టు అందర్నీ అడుగుతన్నావు, నీ పేరు ఎప్పుడూ సెప్పలేదు. పేరు, ఊరు, వరస."

అది పరాచికమో, నిజంగానే మరిచిపోయాడో ఎవరికీ తెలియలేదు. సన్యాసిరాజు లేచి నిలబడ్డాడు. "నా పేరు సన్యాసిరాజు. మాది పద్మనాభం. ఈ అరుగులో సగం నాది, సగం నీది," అన్నాడు.

"కూకో అయితే," అన్నాడు సూరన్న. గంగాలమ్మ అందరికీ టీలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మర్నాడు గురునాథరావు ఆఫీసుకొచ్చి, గొడుగు తగిలించి, కుర్చీ లాక్కుని, "నా పేరు గురునాథరావు. మాది పరవాడ," అని సగంలో నాలిక్కరుచుకున్నాడు.

సన్యాసిరాజు అప్పటికే నోటుబుక్కు తెరిచాడు. "సెప్పు బావా. దేని మీద?"