కాలం రోగం కాదు తమ్మీ!

వీరస్వామి అన్నకు ఒకటే పిచ్చి. ఎవరింట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, గడప దాటకముందే "రాయించిండ్రా?" అని అడుగుతాడు. బోధన్ పక్కన మా ఊళ్లో ఆయన చెరకు పండిస్తాడు. కానీ 'రాయించిండ్రా వీరస్వామి' అంటేనే గుర్తుపడతారు.

జనన మరణాలు పంచాయతీలో రాయించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, జీతమూ లేదు. మా ఊరి వర్షకు కొడుకు పుడితే అందరూ ఉయ్యాల చుట్టూ చేరారు. ఆయన మాత్రం పిల్లాడి తండ్రి చొక్కా పట్టుకున్నాడు.

"ఇంక పేరే పెట్టలే అన్నా!"

"పేరు తర్వాతనన్న రాస్తరు. పుట్టిండా లేదా, ముందుగాల గది చెప్పు!"

పెంటవ్వ భూస్థాపన రోజు పాస్టర్ శాంతి కుమార్ గారు కళ్లు మూసుకుని, "ఈమె పేరు పరలోకమందు జీవగ్రంథంలో రాయబడి ఉన్నది" అన్నారు.

వెనక నుంచి గొంతు వినిపించింది: "సంతోషం అయ్యగారూ! మరి పంచాయతిల?"

పెంటవ్వ తప్ప అందరూ నవ్వారు.

మొన్న వానాకాలం మా అవ్వ సాయవ్వ పోయింది. నన్ను పెంచిన మనిషి. గోడకు ఆనుకుని కూర్చున్న నా పక్కన ఆయన చతికిలబడ్డాడు.

"రాజేందర్, అవ్వ దేంతోటి పోయింది?"

"కాలమొచ్చింది, పోయింది."

"కాలం రోగం కాదు తమ్మీ. ఏమైందో చెప్పు."

నాకు తిక్క రేగింది. "వాంతులు, విరేచనాలు! ముసలిది పోతె గూడ నీకు లెక్కలేనా?"

"ముసలిదైతె ఎందుకు పోయిందో అడగొద్దా? మీ గల్లీల లింబయ్య పోయిండు, మార్కండేయ పోయిండు. వాళ్లకు గూడ కాలమే వచ్చిందట. గా కాలానికి మీ గల్లీ ఒక్కటే దొరికిందా?"

నన్ను స్కూటర్ ఎక్కించుకుని పంచాయతీకి తీసుకుపోయాడు. మిగతా రెండిళ్ల వాళ్లనూ అలాగే లాక్కొచ్చాడు.

"ముసలితనమని రాయకు మేడం. అయింది అయినట్టు రాయి" అని కార్యదర్శి భాగ్యలక్ష్మి మేడం బల్ల దగ్గర నిలబడ్డాడు.

ఒకే గల్లీ, ఒకే రోగం, మూడు చావులు. మేడం వెంటనే సర్కారు దవాఖాన డాక్టరమ్మకు ఫోన్ చేసింది. తెల్లారి సిబ్బంది వచ్చి మా నల్లా నీళ్లు పరీక్షకు పట్టుకుపోయారు, మోరీ తవ్వించారు. మంచినీళ్ల పైపు ఆ మురుగులోనే పగిలి ఉంది. అప్పటికే నా బిడ్డకు వాంతులు మొదలయ్యాయి. డాక్టరమ్మ అక్కడే సెలైన్ ఎక్కించింది. బిడ్డ బతికింది. పైపు మార్చారు. ఆ తర్వాత మా గల్లీలో ఆ రోగంతో ఎవరూ పోలేదు.

"చావులు రాయకపోతె మాకెట్ల తెలుస్తది?" అంది డాక్టరమ్మ.

అవ్వ సర్టిఫికెట్ కోసం పోయినప్పుడు, పంచాయతీ ఎదుట హోటల్లో వీరస్వామి అన్న కనిపించాడు. భార్య పోయిన భూమేష్ ముందుకు పూరీల ప్లేటు తోస్తున్నాడు.

"తినాలె. ఖాళీ కడుపుతోటి సంతకం వెడితె చెల్లదు. గవర్నమెంటు రూలు!"

అవ్వ చావు రాయించిన రోజు నాకూ అదే చెప్పాడు. అవ్వ పోయినప్పటి నుంచి మెతుకు ముట్టని నేను, ఆ రూలుకు భయపడి రెండు ప్లేట్లు తిన్నాను. ఇప్పుడు అనుమానం వచ్చి మేడంను అడిగాను.

ఆమె పగలబడి నవ్వింది. "గసుంటి రూలే లేదు. ఆయన తోలుకొచ్చినోళ్లు యాడ సంతకం వెట్టినా, గాడ పూరీ నూనె మరకుంటది!"