కుంకుడు గింజల స్పీడు

నా చిన్నప్పుడు అరకు బజారులో మా తాతయ్యకి ఇనప సామాన్లు బాగుచేసే కొట్టు ఉండేది. అందులో తాతయ్య కన్నా ముసలి డ్రిల్ మిషను ఒకటి. ఇంట్లో మమ్మల్నెవర్నీ అంత ముద్దు చేసి ఎరగడు కానీ, దాన్ని మాత్రం రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు. అలా తుడిచీ తుడిచీ, స్పీడ్లు రాసి ఉన్న రేకు కాస్తా అరిగి నున్నగా అయిపోయింది. ఆయనకి దాంతో పనేముంది, అంతా చేతికి తెలుసు. స్పీడు కోసం బెల్టుని ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి మార్చే పని మాత్రం వేళ్లు పోతాయని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక ఏడు దసరాకి మిషనుకి పసుపు రాసి, బెల్టుకి కుంకుమ బొట్టు పెట్టి, ఆ తరవాత కొద్దిరోజులకే తాతయ్య పోయాడు. మిషను మా మేనత్తకి దక్కింది. పెళ్లయిన కొన్నాళ్లకే మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసి, తాతయ్య పక్కన నిలబడి పని నేర్చుకున్న మనిషి ఆవిడ. ఆకురాయి పట్టినా, సుత్తి పట్టినా వంక పెట్టడానికి లేదు. కానీ మిషను తన చేతికి వచ్చినప్పటి నుంచి ఏ ఇనుముకి కన్నం పెట్టబోయినా పొగ లేచేది, కన్నం తొలిచే బిట్టు నీలంగా కాలి మొద్దుబారిపోయేది. తాతయ్య బొట్టు పెట్టిన బెల్టు ఎక్కడుందో అక్కడే ఉంది. దాన్ని కదిపితే ఆయన్నే కదిపినట్టని మా ఇంట్లో అందరి నమ్మకం. అందుకని బెల్టు మహారాజులా కూర్చుంది, తప్పంతా అత్త నెత్తిన పడింది. ఆడదానికి అచ్చిరాదులే అని బజారు తేల్చేసింది. బజారుకేం, నోరుంది.

ఒకరోజు అనంతగిరి వైపు నుంచి కాఫీ తోట ఉన్న ఒక పెద్దావిడ జీపు దిగి వచ్చింది. కాఫీ పళ్ల తొక్క తీసే మిషనుకి దన్నుగా ఉండే ఇనప పట్టీ విరిగిపోయిందట. కొత్త పట్టీ తెచ్చింది, దానికి అరంగుళం కన్నం కావాలి. పొద్దున్న కోసిన పళ్లు బుట్టల్లో ఉన్నాయి.

"బేగి సెయ్యమ్మా. ఈ పొద్దు తొక్క తియ్యకపోతే పళ్లు పులిసిపోతాయి," అంది.

అత్త మిషను ఆన్ చేసింది. కీచుమని కేక, పొగ, బిట్టు కాలిపోయింది. పట్టీ మీద గోరుతో గీరినట్టు చిన్న మచ్చ పడిందంతే. అరంగుళం బిట్టు ఇక ఒక్కటే మిగిలింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా నాన్న అక్క వైపు చూసి నిట్టూర్చాడు. "సాలప్పా. ఈ ఇద్య నాన్నతోటే పోయింది. రేపటి నుండి కొట్టు కట్టేద్దుము."

అత్త స్టూలు మీద కూలబడి బెల్టు కేసి చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక మెళ్లో ఉన్న కుంకుడు గింజల దండ తిప్పుకుంటూ అన్నాను: "అత్తా, తాత ఆఖర్న ఈ గింజలకే కదా కన్నాలెట్టాడు. అప్పుడు పొగ రానేదు."

అత్త గిరుక్కున తిరిగింది. "ఏ బిట్టుతోటి ఎట్టాడే గుంటా?"

"సూదంత సన్నందాన్తోటి."

అత్త నా దండ చూసింది, బెల్టు చూసింది, పకపకా నవ్వింది. తాతయ్య పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఇన్నాళ్లూ మేం దేవుడి పటంలా దణ్ణం పెట్టుకున్నది నా దండ కోసం ఆయన పెట్టిన స్పీడుకి! సన్న బిట్టుకి పరుగు కావాలి, లావు బిట్టుకి నడక చాలు. అయితే ఎంత పరుగు, ఎంత నడక? ఆ సంగతి చెప్పే రేకు అరిగిపోయిందాయె.

అత్త ప్లగ్గు పీకేసింది. బెల్టుని తిప్పే మోటారు పుల్లీ మీదా, బిట్టు పట్టుకునే చక్ మీదా సుద్దముక్కతో చెరో గీత గీసి, నా చెయ్యి తీసి పుల్లీ మీద పెట్టింది. నెమ్మదిగా తిప్పమంది. నా చేతి కింద పుల్లీ ఒక చుట్టు తిరిగేసరికి చక్ మీది గీత మూడు చుట్లు తిరిగింది. మోటారు మీది రేకు ఇంకా బాగానే ఉంది, నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లని దాని మీద రాసి ఉంది. నేల మీద సుద్దతో మూడో ఎక్కం వేసింది నేనే. నాలుగు వేల మూడు వందల ఇరవై! అంత వేగంలో అరంగుళం బిట్టు కాలక ఏం చేస్తుంది?

అప్పుడు అత్త బెల్టు మీది బొట్టుని వేలితో తాకి కళ్లకద్దుకుంది. మోటారు వదులుచేసి బెల్టుని అట్టడుగు గాడిలోకి దించింది. మళ్లీ తిప్పాను. ఈసారి నేను మూడు చుట్లు తిప్పితే గానీ చక్ ఒక్క చుట్టు తిరగలేదు. నాలుగు వందల ఎనభై.

ఆఖరి బిట్టు బిగించి, ప్లగ్గు పెట్టి, అత్త ఆన్ చేసింది. కేక లేదు, పొగ లేదు. గానుగెద్దులా నింపాదిగా తిరుగుతూ బిట్టు ఇనుములోకి దిగింది. రజను జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. కన్నం అవతలికి దూసుకుపోగానే కాఫీ తోట ఆవిడ పట్టీని ముఖానికి అడ్డం పెట్టుకుని, అందులోంచి మా నాన్నని చూసి, "బాగా అవుపిస్తన్నావు బాబూ!" అంది. చుట్టూ మూగిన బజారంతా గొల్లున నవ్వింది. నేను గెంతులేశాను. నాన్న జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టాడు.

సాయంత్రం అత్త మిగిలిన గాడులు కూడా నాచేత తిప్పించి, లెక్క కట్టి, మిషను మూత మీద ఎర్ర రంగుతో రాసింది. ఇప్పుడా తాళంచెవి నా బొడ్లో ఉంది. పెద్దలు వదిలివెళ్లిన ఏ పద్ధతైనా సరే, దణ్ణం పెట్టుకునే ముందు ఒకసారి చేత్తో తిప్పి చూడడం నాకు అలవాటైపోయింది. రంగు వెలిసినప్పుడల్లా ఆ అక్షరాల మీదే మళ్లీ దిద్దుతాను. కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్లు మూత మీద అన్నింటికన్నా పైనున్న వరస చదివి నవ్వుతారు. నవ్వనీ. అక్కడ అత్త రాసింది ఇదే: "4320 — మా గుంట కుంకుడు గింజలకి."