కూర్చునే తీరు

ఎవరెలా కూర్చున్నారో చూడటం, మా నందవరంలో కాన్పులు చేసే నర్సమ్మ నాకు అంటించిన జబ్బు. ఆమె బాలింతను నొప్పుందా అని అడిగేది కాదు. పీట చూపించి, "కూసోమ్మా, సూస్తా" అనేది.

నా తొలికాన్పులో చిరిగినచోట ఆమే కుట్లు వేసింది. వారం తర్వాత ఆమె నన్ను చూడను ఇంటికొస్తే, అత్త ఎదుట సిగ్గుపడి బాగుందన్నాను. పీట మీద నేను ఒక పక్కకు ఒరిగి కూర్చోగానే నర్సమ్మ లేచి తలుపు వేసింది. చూస్తే కుట్టు చీము పట్టింది. "నోటినడిగితే ఎవురైనా బాగుందనే సెప్తారు" అని గొణుగుతూ శుభ్రం చేసి, నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది.

ఆమె ఎప్పుడో బదిలీ అయింది. మొన్న ఎమ్మిగనూరు ఆటోలో నా ఎదురుగా పసిబిడ్డతో ఒకామె రాడ్డు పట్టుకుని, ఒక తొడ మీదే కూర్చుంది. పక్కన మగవాళ్లున్నారు. ఆమె దిగే ఊరొచ్చేదాకా అడగాలా వద్దా అని నాలో నేనే కొట్టుమిట్టాడి, చివరికి "బాగుండావామ్మా?" అన్నాను.

"బాగుండానక్కా" అంటూ దిగిపోయింది.