మా పెద్దబాపు మానేసిన ఉప్పు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో ఉప్పు లేని కూడు తిన్నాం. కరువొచ్చి కాదు, మా పెద్దబాపుకు బీపీ వచ్చి. ఆయన మా నాయినకు అన్న. తిరుమలగిరి దగ్గరి మా ఊళ్లో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద అందరం బతికేవాళ్లం. ఇంటికి పెద్ద ఆయనే. ఆ పెద్దరికం ముందు పుట్టినందుకు వచ్చిందే తప్ప ఏదో చేసి సంపాదించుకున్నది కాదు.

ఒకనాడు బావి దగ్గర కళ్లు తిరిగి పడితే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు జబ్బకు పట్టీ చుట్టి చూసి, రక్తపోటు బాగా ఎక్కువుందని చెప్పాడట. ఉప్పు తగ్గించమన్నాడు. తొక్కులు, ఎండు చేపలు వద్దన్నాడు. చుట్టా, కల్లూ మానమన్నాడు. బండెక్కకుండా చేనుకు నడిచిపొమ్మన్నాడు. గోళీలు రోజూ మింగమన్నాడు.

పెద్దబాపు అన్నీ విని, వాటిలోంచి ఒక్క ఉప్పును ఏరుకున్నాడు. డాక్టరు తగ్గించమంటే ఈయన ఇంటిల్లిపాదికీ పూర్తిగా బందు పెట్టాడు. ఎందుకో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. చుట్ట మానేస్తే బాధ తనది. కల్లు మానేస్తే బాధ తనది. అదే ఇంట్లో ఉప్పు మానేస్తే బాధను అందరికీ పంచవచ్చు, పేరు మాత్రం తనొక్కడే తెచ్చుకోవచ్చు. గోళీలంటారా, అవి మింగితే ఒంట్లో సత్తువ పోతుందని ఎవరో చెప్పారట. తెచ్చిన రోజే చూరులో చెక్కి మరిచిపోయాడు.

మొదట్లో ముద్ద నోట్లో తిరిగేది. పిల్లలం ఏడ్చేవాళ్లం. మా పెద్దమ్మ, అంటే ఆయన భార్య, తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేసింది. పప్పులో రెండు ఎల్లిపాయలు ఎక్కువ వేసి తాలింపు పెట్టేది. కూరలో నిమ్మకాయ పిండేది. వంకాయను నిప్పుల మీద కాల్చి, చింతపులుసూ కొత్తిమీరా కలిపేది. పోనుపోను ఒక చిత్రం జరిగింది. ఏడుపులు ఆగిపోయాయి. కందిపప్పులో కమ్మదనం ఉంటుందని, జొన్నరొట్టెకు తనదైన తీపి ఉంటుందని మా నోళ్లకు తెలిసివచ్చింది.

ఆ సమయంలో పెద్దబాపు ఎక్కడుండేవాడంటే ఊరి హోటలు బెంచీ మీద. వచ్చేపోయే ప్రతివాడికీ తన త్యాగం చెప్పుకునేవాడు. "ఉప్పు ఇడిసిపెట్టిన. మనిషన్నంక నోరు కట్టుకునే తాకతుండాలె" అనేవాడు. ఉప్పుతో పాటు సిగ్గు కూడా విడిచిపెట్టాడని అప్పుడు ఎవరికీ తెలియదు. పొద్దు గూకే వేళ ఆయన ఎటు పోతున్నాడో మా ఇంట్లో అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

తొలకరి పడే వేళకు మళ్లీ కళ్లు తిరిగి కూలబడ్డాడు. మళ్లీ దవాఖాన. ఈసారి రక్తపోటు ఇంకా పెరిగిందని డాక్టరు కేకలేశాడట. ఇంటికి వస్తూనే ఆయన నేరస్థురాలిని కనిపెట్టేశాడు.

"ఇదే దొంగచాటుగ కూరల ఉప్పేస్తాంది. నన్ను సంపనీకే ఏస్తాంది!" అని పెద్దమ్మ మీద వాడంతా వినపడేలా అరిచాడు. మగడిని చంపజూసే మనిషి తన ఇంట్లో ఉండడానికి లేదని, వచ్చి చెల్లెలిని తోలుకుపొమ్మని నకిరేకల్‌లో ఉండే ఆమె అన్నకు కబురు పెట్టాడు. పెద్దమ్మ చీరలు మడత పెట్టుకుంటూ కూర్చుంది. పక్కనే ఆమె పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు. వాళ్లను ఆమెతో పంపేది లేదని ఆయన ముందే చెప్పాడు.

ఆమె అన్న వచ్చిన రోజు పొద్దున్నే మా అవ్వ పొయ్యి దగ్గరికి పోయింది. అవ్వ అంటే మా నాయిననూ పెద్దబాపునూ కన్నతల్లి. "నువ్వు ఇయ్యాల పొయ్యి మొఖం సూడకు" అని పెద్దమ్మను బయట కూర్చోబెట్టి, తనే పప్పు వండింది. అవ్వ ఎవరి తరఫున ఉందో ఎవరికీ అర్థం కాలేదు. తగవు ఎలా ఉన్నా, ముందు చుట్టానికి అన్నం పెట్టాలి కాబట్టి మగవాళ్లకు వడ్డించింది.

పెద్దబాపు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చేదు మింగినట్టు పెట్టాడు. వచ్చిన బావ ముందు తన కష్టం చూపించుకునే అవకాశం వదులుతాడా?

"సూడు బావా, గీ సప్పిడి కూడు తినుకుంట బతుకుతున్న. గడ్డి నమిలినట్టున్నది."

"ఉప్పు అసలే లేదా కొడుకా?" అని అవ్వ అడిగింది, ఎంతో జాలిగా.

"పలుకు గూడ లేదు."

అవ్వ తల ఊపి, గడపలో నిలబడి చూస్తున్న నన్ను పిలిచింది. అదే గిన్నెలోంచి ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. "ఎట్లున్నది బిడ్డా?"

నాకేం తెలుసు? ఉన్నమాట చెప్పాను. "ఉప్పు ఎక్కువైందవ్వా."

తర్వాత అవ్వ, పెద్దమ్మ పిల్లలను కూడా పిలిచి తలా ఒక ముద్ద పెట్టింది. వాళ్లూ ఉప్పుగా ఉందన్నారు. చివరికి పెద్దమ్మ నోట్లో కూడా ఒక ముద్ద పెట్టింది. ఆమె మింగలేక మంచినీళ్లు అడిగింది.

అప్పుడు అవ్వ చేయి కడుక్కుని కొడుకు ఎదుట కూర్చుంది. గొంతు పెంచలేదు.

"గీ పప్పుల ఉప్పేసిన. అందరం ఎన్కట, ఉప్పు బందు గాకముందు, ఏసుకునేదాంట్ల సగం. అన్ని దినాలు సప్పిడి తిన్న నోళ్లు గనుక వీళ్లకు గదే శానా అయింది. నువ్వు గూడ వీళ్లతోని సప్పిడే తిన్ననంటివి గద? మరి నీ నాలుకకు ఎందుకు దొరకలే కొడుకా? ఎక్కడ తినొస్తున్నవ్?"

పెద్దబాపు చేయి కంచంలోనే ఆగిపోయింది. పొద్దు గూకే వేళ కల్లు తాగే మండువలో ఉప్పూకారం దట్టించిన శనగ గుడాలు, వేయించిన ఎండు చేపలు తింటున్నాడని అందరికీ తెలిసిపోయింది. ఆయన చూపు తల్లి మీద నుంచి జారి, తలుపు వైపు పోయింది.

"థూ" అంది అవ్వ, నెమ్మదిగా. "నోరు కట్టుకోలేనోడివి, ఆడిదాని మీద నింద ఏస్తవురా?"

ఆయన కంచం నెట్టేసి లేచిపోయాడు. పెద్దమ్మ అన్న లేచి, "పోదామా చెల్లె?" అని అడిగాడు. ఆమె పిల్లల వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. తర్వాత అత్త వైపు తిరిగి, నేను ఎన్నడూ వినని గొంతుతో చెప్పింది. "రేపటి సంది మా అందరికి తగ్గట్టు జరంత ఉప్పేసి వండుత అత్తా. గదే అందరికి. తింటె తింటడు, లేకుంటె మండువకు పోతడు. ఆయన నోరు ఆయన ఇష్టం."

మా పెద్దబాపు ఆ రోజుతో మారాడని రాయగలిగితే బాగుండేది. మారలేదు. ఆ తర్వాత దాచుకోవడం కూడా మానేసి, పట్టపగలే మండువకు పోయాడు. కొన్నేళ్లకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది, మూతి వంకరపోయింది. పెద్దమ్మే తినిపించేది. ఆమె ఓర్పును ఊరు మెచ్చుకుంది గాని, తినిపించేటప్పుడు ఆమె మొహంలో నాకు ప్రేమ కనపడలేదు, పని మాత్రమే కనపడింది. అప్పుడు కూడా ఆయన, ముద్ద ముద్ద మాటలతో, తల్లి దిష్టి తగిలే తనకిలా అయిందని చూడవచ్చిన వాళ్లకు చెప్పేవాడు.

ఇప్పుడు నేను హాలియాలో ఉంటున్నాను. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా వాడలో పరీక్షలు చేయడానికి వచ్చిన నర్సమ్మ, నాకూ బీపీ ఉందని చెప్పింది. నేను ఎవరికీ చాటలేదు. కూరలో ఉప్పు మెల్లమెల్లగా తగ్గించుకున్నాను. తొక్కులు, అప్పడాలు దూరం పెట్టాను. గోళీ వేళకు వేసుకుంటాను. పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తాను.

ఆ గట్టు మీద మా పెద్దబాపులు చాలామంది ఎదురవుతారు. వాళ్లకు మెరిసే బూట్లున్నాయి, అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాలున్నాయి. పోయేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుస్తారు, వచ్చేటప్పుడు మిర్చి బండి దగ్గర ఆగుతారు. మెంతి నీళ్లతో బీపీ మాయమైపోతుందనే వీడియోలు నా ఫోనుకు పంపిస్తారు. గోళీలు ఎందుకు మానేశారని అడిగితే కోపం వాళ్లకు. మా పక్కింటాయనకైతే బీపీ పెరిగినప్పుడల్లా తప్పు భార్యదే. "దీనికి వంట రాదమ్మా" అంటాడు, మూతికంటిన బజ్జీ నూనె తుడుచుకుంటూ.

మొన్న దవాఖానలో డాక్టరమ్మ నా బీపీ చూసి సంతోషించింది. "మంచిగున్నదమ్మా. ఉప్పు తగ్గించినవు, నడుస్తున్నవు. ఇగ జర కోపం గూడ తగ్గించుకో" అంది.

సరేనన్నాను. ఆమె చెప్పినవన్నీ ఇన్నాళ్లూ చేస్తూనే వచ్చాను, ఇదీ చేస్తాను. పిల్లల మీద, కోడలి మీద, కరెంటు మీద వచ్చే కోపాలన్నీ తగ్గించుకుంటాను. కానీ తన నోరు తను కట్టుకోలేక పెళ్లాన్ని దోషిగా నిలబెట్టే మగవాణ్ని చూసినప్పుడు నాలో లేచే ఏవగింపు వేరు. అది ఆ రోజు మా అవ్వ నాకిచ్చింది. దాన్ని మాత్రం చిటికెడు కూడా తగ్గించుకోను.