ఆ మట్టి దిబ్బ

మాది మదనపల్లె. నలభై దాటాక, ఎన్నాళ్లుగానో మనసుపడ్డ పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. "మన రోడ్లకు వద్దన్నా" అని మెకానిక్ మొత్తుకుంటున్నా వినకుండా, స్ప్రింగులు మార్పించి దాన్ని బాగా కిందికి దించాను. నేలను రాసుకుపోతున్నట్టుండే ఆ రూపం చూసి మురిసిపోతూ, కుప్పంలోని బావమరిదికి చూపిద్దామని బయలుదేరాను.

పుంగనూరు దాటాక ఒక పల్లె దగ్గర, మట్టితో వేసిన స్పీడ్ బ్రేకర్ మీద కారు అడుగుభాగం ఆనుకుని ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. జనం పోగయ్యారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవురు ఏసినారప్పా ఈ దిబ్బ? పార తెచ్చి తవ్వేయండి!" అని అరిచాను.

ఎవరూ కదల్లేదు. రోడ్డు పక్కన రాగులు ఆరబోస్తున్న ఒకామె లేచి వచ్చింది.

"నేనే ఏసినానప్పా. నా కూతురు ఈడనే లారీ కింద పడి పొయ్యింది. కారు ఎత్తి అవతల పెట్టుకోండి, దిబ్బను మాత్రం ముట్టద్దండి."

మగవాళ్లంతా తలో చెయ్యి వేసి కారును దిబ్బ దాటించారు.

"బండికి దెబ్బేమన్నా తగిలిందాప్పా?" అని ఆమే అడిగింది.

కొంచెం ముందుకు పోయి అద్దంలో చూశాను. నా కారు గీసుకుపోయిన చోట ఆమె నీళ్లు చల్లి, మట్టి పెట్టి, అరచేత్తో మెల్లగా మెత్తుతోంది.

ఊరికొచ్చాక కారును మళ్లీ మునుపటి ఎత్తుకు లేపించాను. ఇప్పుడు ఏ ఊళ్లో స్పీడ్ బ్రేకర్ ఎదురైనా బండి వేగం తగ్గిస్తూ, ఇది ఎవరి బిడ్డదో అనుకుంటాను.