మద్రాసు నుంచి రాని చక్రం

ఖమ్మంలో ఒక ప్రెస్సుకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదట రెండు కార్డులు, తర్వాత ఒక ఇన్‌లాండ్ కవరు, ఆఖరిది రిజిస్టరు పోస్టు. అందినట్టు సంతకం చేసిన చీటీ తిరిగి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ఖమ్మంలో అచ్చు పని గురించి ఎవరు ఏం రాసినా ప్రెస్సు యజమానుల పేర్లుంటాయి, కాగితం సరఫరా చేసినవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. యంత్రాలు బాగుచేసినవాడి ఊసుండదు. పాతికేళ్లు ఖమ్మం, వైరా, మధిర, కొత్తగూడెం ప్రెస్సులన్నీ స్పానర్ల సంచి భుజాన వేసుకొని తిరిగాను. వైరాలో ఒకాయన, నేను యంత్రం కింద పడుకొని నట్టు బిగిస్తుంటే నా కాళ్ల మీదుగా దాటిపోయాడు. అదీ మరచిపోలేదు. కానీ ఇది నా బాధ కాదు. జూలూరుపాడు దాటాక అడవి అంచున ఒక పల్లెలో బండి చక్రాలు చేసే వడ్లాయన బాధ.

ప్రూఫు యంత్రం అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. కంపోజిటరు సీసపు అక్షరాలు పేర్చి దారంతో కట్టాక, తప్పులు దిద్దుకోవడానికి ముందుగా ఒక్క కాగితం తీస్తారు. ఆ ఒక్క కాగితం తీసే చేతి యంత్రం అది. కింద అక్షరాలు పెట్టే ఇనుప బల్ల, దాని మీద దొర్లే బరువైన రోలరు. రోలరు పక్కన పళ్ల చక్రం ఉంటుంది, బల్ల అంచున పళ్ల పట్టీ ఉంటుంది. ఆ పళ్లు సరిగ్గా పట్టుకుంటేనే రోలరు జారకుండా దొర్లుతుంది. ఒక్క పన్ను విరిగినా అక్షరం పక్కన అక్షరం నీడ పడుతుంది. సున్నా ఉందో లేదో చూడటానికి తీసిన కాగితంలో రెండు సున్నాలు కనిపిస్తాయి.

డెబ్బైల చివర్లో, ఓటర్ల జాబితాల పని మీదున్నప్పుడు, ఖమ్మంలో ఒక ప్రెస్సులో ఆ చక్రానికి మూడు పళ్లు ఎగిరిపోయాయి. అది ఇంగ్లండు యంత్రం. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బెజవాడ పాత ఇనుము కొట్లు గాలించాను, హైదరాబాదులో వారం తిరిగాను. దొరకలేదు. మద్రాసులో పోత పోసేవాళ్లకు రాస్తే, కర్రతో నమూనా చేసి పంపండి, కరిగిన ఇనుము చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి నమూనా కాస్త పెద్దదిగా ఉండాలి అని రాశారు.

అలా విరిగిన చక్రం పట్టుకొని ఆ వడ్ల ముసలాయన దగ్గరికి వెళ్లాను. చేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సారూ, గింత చక్రానికి ఏ ఎడ్లు గడుతరు?"

"ఎడ్లు కావు పెద్దాయనా, కాగితాలు."

"కాగితాల బండి! మోసేటందుకు మంచిగనే ఉంటది." నవ్వి, మళ్లీ పళ్లు లెక్కపెట్టాడు. "ముందుగాల సరిసమానం జేస్త. అది తిరిగినంక పెద్దది జేస్త. తిరగనిదాన్ని పెద్దగ జేస్తే ఏం లాభం?"

చండ్ర కర్ర ఎంచుకున్నాడు. ఉలితో, ఆకురాయితో ఒక్కో పన్నూ చెక్కాడు. బల్ల పట్టీకి సిరా రాసి నేను కాగితం మీద అద్దుకొచ్చిన ముద్ర పక్కన పెట్టి సరిచూశాడు. ఎనిమిది రోజులు ఇప్ప నూనెలో నానబెట్టాడు. బిగించి రోలరు తోశాను. నీడ లేదు. ప్రతి అక్షరం ఒక్కసారే పడింది.

యజమాని కాగితం వెలుతురుకు పట్టి చూసి, "ఇది నడుస్తుంటే మద్రాసు దేనికయ్యా? ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి చక్రానికి నల్లరంగు వేయించి ఉంది. "కర్ర చక్రంతో పని చేస్తున్నామని తెలిస్తే ఎన్నికల ఆఫీసరు మనల్ని నమ్ముతాడా?" అన్నాడు. ఎన్నికలయ్యాయి. మద్రాసుకు నమూనా పోలేదు. ఆ చక్రమే పదిహేనేళ్లు తిరిగింది.

తప్పు నేను చేశాను. ఒకసారి వచ్చి చూసుకో పెద్దాయనా అని చెప్పాను. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, తను చేసిన చక్రం ఖమ్మంలో పుస్తకాలు అచ్చేస్తున్నది అని. ఎవరూ నమ్మలేదు. అల్లుడైతే మరీ. "మా మామ బండి చక్రం జేస్తే ఎడ్లే ఉరుకుతలేవు, పుస్తకాలు ఉరుకుతున్నయట" అని పదిమందిలో అనేవాడు. ఆ అల్లుడిని వెంటబెట్టుకొని, ఎన్నికలకు ముందే, ఒకరోజు పొద్దున ఖమ్మంలో బస్సు దిగాడు. ఉతికిన ధోతి, భుజాన కొత్త తువ్వాలు.

అదే సమయానికి ఆఫీసరు ప్రూఫులు చూడటానికి వచ్చి ఉన్నాడు. ముసలాయన గుమ్మంలోనే నిలబడి, "నా చక్రం గదే బిడ్డా, సూడు" అని అల్లుడికి చూపించాడు.

యజమాని తల తిప్పి చూశాడు. "ఎవరయ్యా నువ్వు? నీ చక్రం ఏమిటి? అది మద్రాసు నుంచి తెప్పించిన పార్టు." ఆఫీసరు వైపు తిరిగి, "పల్లెటూరి వాళ్లు సార్, యంత్రం చూడటానికి వస్తుంటారు" అని నవ్వాడు.

ముసలాయన నా వైపు చూశాడు. నూనె డబ్బా నా చేతిలో ఉంది. నాకు ఏడాది పొడుగునా పని ఇచ్చే ప్రెస్సు అది. తల వంచుకొని, నూనె అక్కర్లేని చోట నూనె పోశాను.

బస్‌స్టాండ్ దాకా వెంట నడిచాను. అల్లుడు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి, "జల్దీ రా మద్రాసు మామా, బస్సు పోతది" అన్నాడు. ముసలాయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. బస్సు ఎక్కేముందు మాత్రం అడిగాడు.

"మద్రాసుల గూడ చండ్ర చెట్లున్నయా సారూ?"

ఆయనే మళ్లీ అడిగాడు.

"మంచిగ తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది పెద్దాయనా."

"అవ్, తిరుగుతది." ఎక్కి కూర్చున్నాడు.

మూడేళ్ల తర్వాత ఇంకో ప్రెస్సు పని మీద ఆ పల్లెకు వెళ్తే ఆయన లేడు. పోయేదాకా ఊళ్లో ఆయన పేరు మద్రాసు తాత. పిల్లలు కూడా అలాగే పిలిచేవారట. ఆయన బిడ్డ వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చక్రం మీ నాయనే చేశాడమ్మా, నా కళ్ల ముందే చేశాడు అని చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే అంది.

"గా దినం నువ్వు గాడనే ఉన్నవట గద. గప్పుడెందుకు జెప్పలే?"

ఆ ఊళ్లో నా మాటకు విలువ లేదు. ఉండకూడదు కూడా. అందుకే ఆ ప్రెస్సు వాళ్ల మాట కావాలి.

యజమాని కాలం చేశాడు. కొడుకు ఆఫ్‌సెట్ పెట్టాడు. పాత ప్రూఫు యంత్రాన్ని తుడిచి, రంగు వేసి, ముందు గదిలో అలంకారంగా నిలబెట్టాడు. పక్కన అట్ట మీద 'ఇంగ్లండు యంత్రం, మద్రాసు విడిభాగం' అని రాయించాడు. వెళ్లి చెప్పాను. "పోనీలే బాబాయ్, ఇప్పుడెవరు చదువుతారు అది" అని టీ తెప్పించాడు. టీ తాగకుండా వచ్చేశాను. ఆ తర్వాతే ఉత్తరాలు.

బాబూ, చక్రం వెనక వైపు రంగు పెచ్చులూడింది. గోటితో గీకండి, కర్ర నారలు కనిపిస్తాయి. ఇనుములో అవి ఉండవు. చూశాక జూలూరుపాడు బస్సు ఎక్కండి. ఆ ముసలాయన బిడ్డ ఇంకా అదే ఇంట్లో ఉంది. మీ నాన్నగారు ఆరోజు అబద్ధం చెప్పారని ఊరి వాళ్లు వినేలా ఆమెకు చెప్పండి. రాలేకపోతే మీ ప్రెస్సు కాగితం మీద ఒక్క వాక్యం అచ్చువేసి పంపండి, నేనే తీసుకెళ్లి చదివి వినిపిస్తాను. అదీ కుదరదంటే కుదరదని రాయండి. ఆ చక్రం ఎవరు చేశారు? మీకు తెలుసు. జవాబు ఇవ్వండి.