మేడం పారబోయించిన మందు

సూర్యాపేటలోని నా పురుగుమందు యూనిట్‌లో తవుడు ఉడుకుతున్న వాసన వస్తే చాలు, మేరీ మేడం గుర్తొస్తారు. మిర్యాలగూడలో రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో ఆమె బ్యాక్టీరియాను పెంచి పురుగుమందు తయారుచేసేవారు. నాకు పని నేర్పింది ఆమే. బ్యాక్టీరియాకు తిండిగా మిల్లు తవుడునే ఉడికించి పోసేవారు. కోదాడ మనిషి, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు.

మొదటి పెద్ద బ్యాచ్‌కి మిల్లు యజమాని సేటు మురిసిపోయి రెండింతలు తవుడు పంపాడు. మిల్లువాళ్లకు తవుడు కొదవా! ట్యాంకులో మందు అంబలిలా చిక్కబడింది, మేమంతా పొంగిపోయాం. మేడం మాత్రం ఆ మందు చల్లిన వరి ఆకులను ఆకుముడత పురుగులకు వేసి చూశారు. అవి నిక్షేపంగా మేశాయి. త్రిపురారం రైతులేమో అప్పటికే మందుకోసం కాచుకుని ఉన్నారు. వాళ్ల పంటా, మా షెడ్డు బతుకూ ఆ బ్యాచ్ మీదే ఆధారపడి ఉన్నాయి.

"జర కెమికల్ కలుపుండ్రి మేడం. ఎవరికి తెలుస్తది?" అన్నాడు సేటు.

"నాకు తెలుస్తుంది కదండీ," అన్నారామె. మందంతా మరిగించి పారబోయించారు.

నాకు ఏడుపొచ్చింది. "అంత మంచిగ పెరిగింది గదా మేడం, ఎందుకు పనిచేస్తలేదు?"

"కడుపు నిండినంతసేపూ అది పెరుగుతానే ఉంటుందమ్మా. తిండి తరిగాకే లోపల విత్తనంలాంటి గింజ కడుద్ది. పురుగును చంపే విషం కూడా అప్పుడే తయారవుద్ది. మనం ముద్దల మీద ముద్దలు పెట్టాం. పైగా అంత చిక్కగా ఉంటే గాలెక్కడ ఆడుద్ది?"

ఈసారి తవుడు తగ్గించి, గాలి పెంచారు. ఎండ ముదిరితే ట్యాంకుకు తడి గోనెపట్టాలు చుట్టించారు. మందు పలచగా కనిపించింది. సేటు మొహం అంతకన్నా పలచబడింది. కానీ పురుగులు మేత మానేశాయి. అప్పుడే సీసాలు నింపనిచ్చారు.

చల్లిన మర్నాడే త్రిపురారం రైతు మల్లయ్య పొలం గట్టుమీద మమ్మల్ని నిలదీశాడు. "ఒక్క పురుగు గూడ సావలే మేడం!"

"చచ్చిందా అని కాదు మల్లయ్యగారూ, తింటందేమో చూడండి. మేత మానితే రెండు మూడు రోజుల్లో అదే చచ్చుద్ది."

ఆయన ముడుచుకున్న ఆకు విప్పాడు. పురుగు కదులుతోంది గానీ, ఆకుమీద కొత్తగా గీకిన గీత ఒక్కటీ లేదు. "దీని నోరు కట్టేసినవ్ గదమ్మా!" అని గట్టిగా నవ్వాడు. పంట దక్కింది, షెడ్డూ నిలిచింది. ఆ గట్టుమీద ఆమె పక్కన నిలబడ్డందుకు నాకెంత గర్వమో చెప్పలేను.

మేడం ఇప్పుడు లేరు. నా దగ్గర కొత్త యంత్రాలున్నాయి, ఆమె వేసిన పాళ్లు చాలావరకు మారిపోయాయి. అయినా పురుగు మేత మానేదాకా ఒక్క సీసా నిండదు. మేసిందంటే, ట్యాంకు ఎంత పెద్దదైనా దగ్గరుండి ఖాళీ చేయిస్తాను. ఆ రోజు మా వాళ్లంతా మొహాలు వేలాడేస్తారు. నేను మాత్రం మేడం శిష్యురాలిగా తలెత్తుకుని ఇంటికి పోతాను.